నాన్న మంచితనానికి చోటిచ్చిన ఉద్యోగం

మా నాన్న పెద్దకర్మ రోజు ఇంటికి వచ్చినవాళ్లలో చాలామంది ఒకే మాట అన్నారు. "సంసారపక్షం మనిషమ్మా. డ్యూటీ, ఇల్లు, పిల్లలు తప్ప ఇంకో ధ్యాస ఉండేది కాదు." పక్క క్వార్టర్లో ఇరవై ఏళ్లు ఉన్న ఆంటీ అన్నారు, నాన్నతో పనిచేసిన ఫోర్‌మన్ గారు అన్నారు, సిక్కోలు నుంచి వచ్చిన మా పెదనాన్న కూడా అన్నారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. నాన్న అలాంటి మనిషే.

కానీ ఆ మాట అక్కడితో ఆగిపోవడం నాకు నచ్చలేదు. మంచి తండ్రి, మంచి భర్త అన్నప్పుడు అదంతా ఆ మనిషి మనసులోంచే వచ్చినట్టు మాట్లాడతాం. మా నాన్న మంచి తండ్రి కావడానికి ఆయన మనసు ఎంత కారణమో, విశాఖ ఉక్కులో ఆయనకు దొరికిన పర్మనెంట్ ఉద్యోగం కూడా అంతే కారణం అని నా నమ్మకం. ఆ ఉద్యోగం ఆయనకి టైమిచ్చింది, ఒంట్లో కాస్త ఓపిక మిగిల్చింది, రేపటి మీద భరోసా ఇచ్చింది. ఈ మూడూ లేని మనిషి పిల్లల్ని ఎంత ప్రేమించినా ఆ ప్రేమ పిల్లల దాకా చేరడం కష్టం. ఇది పుస్తకాల్లో చదివి అంటున్నది కాదు. నాన్న పక్కనే, అదే వేడిలో, ఆ ఉద్యోగం లేకుండా పనిచేసిన ఇంకో మనిషిని కూడా చూశాను కాబట్టి అంటున్నాను.

నాన్నది వంశధార పక్కన ఒక చిన్న ఊరు. 1959లో పుట్టారు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చేసి, ఊళ్లో పని లేక విశాఖపట్నం వచ్చారు. మల్కాపురంలో ఒక గది, అందులో అయిదారుగురు. హార్బరు వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర రోజుకూలీ మీద పని. పనుంటే మేస్త్రీ కబురు పెడతాడు, లేకపోతే లేదు. ఆ రోజుల గురించి నాన్న ఎక్కువ చెప్పేవారు కాదు. ఒక్క విషయం మాత్రం రెండు మూడుసార్లు చెప్పారు. మా నాన్నమ్మకి ఒంట్లో బాగోలేదని ఉత్తరం వస్తే, వెళ్తే పని పోతుందని మేస్త్రీ అన్నాడట. శనివారం లెక్క చూసుకుని బయల్దేరారు. ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత జీవితమంతా, ఎవరికి బాగోలేదని తెలిసినా నాన్న ముందు బస్సెక్కేవారు. మిగతాదంతా తర్వాతే.

1987లో స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్లు భిలాయిలో ట్రైనింగ్. తిరిగొచ్చాక ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర, ఆ ఇనుము బయటికి పారే కాస్ట్ హౌస్‌లో వేశారు. మొదటి ఫర్నేసుకి గోదావరి అని పేరు, రెండోదానికి కృష్ణ. గోదావరిని 1990 మార్చిలో వెలిగించారు. నాన్న ఆ రోజుల్లో అక్కడే ఉన్నారు. పెళ్లిరోజు మర్చిపోయిన సందర్భాలున్నాయేమో గానీ, ఆ ఫర్నేసులోంచి మొదటిసారి ఇనుము పారిన రోజు మాత్రం ఆయన ఎప్పుడూ మర్చిపోలేదు. (2012లో మూడోది వచ్చినప్పుడు దానికి అన్నపూర్ణ అని పేరు పెడితే, నది పేరు పెట్టి ఉంటే బాగుండేదని నాన్న చాలా రోజులు అన్నారు.)

నాన్న ఏం పని చేసేవారో మా బంధువుల్లో ఎవరికీ సరిగ్గా తెలీదు. "స్టీల్ ప్లాంట్లో చేస్తాడు" అంటే సరిపోయేది. అందుకే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

కట్టినప్పుడు గోదావరి, కృష్ణల్లో ఒక్కోదాని లోపలి పరిమాణం 3200 ఘనపు మీటర్లు. పైనుంచి ఇనుప ఖనిజం, సింటర్ (ఖనిజపు పొడిని కాల్చి చేసిన గడ్డలు), కోక్ (బొగ్గును కాల్చి చేసిన ఇంధనం) పడుతూ ఉంటాయి. కిందినుంచి వెయ్యి డిగ్రీలు దాటిన వేడిగాలి ఊదుతూ ఉంటారు. కరిగిన ఇనుము అడుగున చేరుతుంది, దాని మీద స్లాగ్, అంటే కరిగిన మలినాల మడ్డి, తేలుతుంది. చేరింది చేరినట్టు బయటికి తీయాలి, లేకపోతే ఫర్నేసుకే ముప్పు. తీసే చోటు పేరు ట్యాప్ హోల్. దాన్ని డ్రిల్లింగ్ మెషీన్‌తో తొలుస్తారు. అది మొరాయిస్తే ఆక్సిజన్ పైపుతో కాల్చి తెరుస్తారు. తెరుచుకోగానే పదిహేను వందల డిగ్రీల దగ్గర్లో ఉన్న ఇనుము కాలువలాగా పారుతుంది. అది పారే కాలువని రన్నర్ అంటారు. దారిలో స్లాగ్ ఒక పక్కకి, ఇనుము ఇంకో పక్కకి విడిపోవాలి. ఇనుము కింద పట్టాల మీద నిలబడ్డ లేడిల్ అనే పెద్ద పాత్రల్లోకి, అక్కడినుంచి స్టీల్ మెల్టింగ్ షాపుకి. స్లాగ్‌ని నీళ్లతో చల్లార్చి రవ్వలా చేసి సిమెంటు కంపెనీలకి పంపుతారు. అంతా అయ్యాక మడ్ గన్‌తో ప్రత్యేకమైన మట్టిని కొట్టి ఆ కన్నం మూసేస్తారు. కొంతసేపటికి మళ్లీ మొదలు.

ఇందులో నాన్నకి బాగా తెలిసింది చూపు. పారుతున్న ఇనుములోంచి నిప్పురవ్వలు ఎగిసే తీరు చూసి సిలికాన్ ఎక్కువుందా తక్కువుందా చెప్పగలిగేవారు. ల్యాబ్ రిపోర్టు తర్వాత వచ్చేది. స్లాగ్ గరిటెతో తీసి చల్లారాక విరిచి, విరిగిన చోట రంగు చూసి లోపల ఫర్నేసు ఎలా ఉందో చెప్పేవారు. గ్యాసు గురించి మాత్రం ఎప్పుడూ భయపడేవారు. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి ఆయన మొదట నేర్పింది ఇనుము గురించి కాదు, మానిటర్ మోగితే ఎటు పరిగెత్తాలో. 2012 జూన్ 13న కొత్త స్టీల్ మెల్టింగ్ షాపు దగ్గర ఆక్సిజన్ యూనిట్ పేలి అంతమంది పోయినప్పుడు, నాన్న కొన్ని రోజులు సరిగా భోజనం చెయ్యలేదు. పోయినవాళ్లలో కొందరు ఆయనకి తెలిసినవాళ్లు.

ఈ ఫర్నేసు ఒకసారి వెలిగితే ఏళ్ల తరబడి ఆగదు. ఆపాలంటే అది పెద్ద పని, పెద్ద నష్టం. కాబట్టి సంక్రాంతి అయినా, తుఫానైనా, కూతురి పుట్టినరోజైనా అక్కడ మనుషులు ఉండాల్సిందే. ఉదయం ఆరు నుంచి రెండు దాకా ఎ షిఫ్టు, రెండు నుంచి రాత్రి పది దాకా బి, పది నుంచి తెల్లారి ఆరు దాకా సి. మా ఇల్లు కూడా ఈ లెక్క ప్రకారమే నడిచేది. సి షిఫ్టు వారంలో పగలు మా ఇంట్లో రేడియో మోగదు, కుక్కర్ విజిల్ వెయ్యదు. అమ్మ కిటికీలకి మందపాటి దుప్పట్లు కట్టేది, పప్పు గిన్నెలో ఉడికించేది, మమ్మల్ని ఆడుకోవడానికి సెక్టార్ చివరి మైదానానికి తోలేసేది. నాన్న చొక్కాలకి నిప్పురవ్వలు పడి చిన్న చిన్న కన్నాలుండేవి. ఏవి డ్యూటీకి, ఏవి ఇంటికి అని అమ్మ విడదీసి పెట్టేది. ఎండాకాలంలో ఉప్పు వేసిన మజ్జిగ సీసా తప్పకుండా బ్యాగులో ఉండేది. నాన్న చేసింది ఒక షిఫ్టు. మూడు షిఫ్టులూ ఇంట్లో అమ్మ చేసింది. ఆ పనికి హాజరు పట్టీ లేదు, జీతం లేదు. ఉక్కు కార్మికుల గురించి ఎవరు ఏం రాసినా ఈ విషయం రాయకుండా వదిలేస్తే నాకు కోపం వస్తుంది.

అయితే ఆ షిఫ్టుకి ఒక అంచు ఉంది. ఎనిమిది గంటలు. నాన్న ఎప్పుడు వస్తారో మాకు ముందే తెలుసు. ఎ షిఫ్టు వారమంటే సాయంత్రాలు మావి. నాకు లెక్కలు చెప్పింది ఆ సాయంత్రాల్లోనే, తమ్ముడికి సైకిల్ నేర్పింది ఆ సాయంత్రాల్లోనే. వారానికో సెలవు, పండగ సెలవులు, ఏడాదికి కొన్ని లీవులు, ఊరెళ్లడానికి డబ్బులు. ఓవర్‌టైమ్ చేస్తే అది కాగితం మీద ఉండేది. తమ్ముడికి చిన్నప్పుడు కామెర్లు ముదిరితే అమ్మ వాణ్ణి ఎత్తుకుని ఉక్కు ఆసుపత్రికి నడిచి వెళ్లింది. ఆ రాత్రి డబ్బెక్కడ తేవాలన్న మాటే మా ఇంట్లో రాలేదు. పిల్లాడు బతకాలి అన్న టెన్షన్ ఒక్కటే ఉంది. నాన్న వాడి పక్కన నాలుగు రాత్రులు కూర్చున్నారు. లీవు పెట్టారు, ఇచ్చారు. మేస్త్రీని బతిమాలుకోలేదు.

ఇదే మనిషి 1985లో మల్కాపురం గదిలో ఉంటే ఏం చేసేవారు? మనసు అదే కదా. కానీ తల్లి దగ్గరికి కూడా వెళ్లలేకపోయారు.

ఇప్పుడు ఆ రెండో మనిషి గురించి. ఆయన్ని మేం మావయ్య అని పిలిచేవాళ్లం. రక్తసంబంధం కాదు. ఆయన వాళ్లది ప్లాంటు కింద పోయిన ఊరు. ఈ కర్మాగారం కోసం అరవైకి పైగా ఊళ్లు లేచిపోయాయి, ఇరవై వేల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. ఆ జనం ఇప్పుడు పెదగంట్యాడ, అగనంపూడి, వడ్లపూడి చుట్టుపక్కల నిర్వాసిత కాలనీల్లో ఉన్నారు. ఇల్లూ భూమీ పోయిన కుటుంబానికి పునరావాసం కింద ఆర్ కార్డు ఇచ్చారు. ఆ కార్డు మీద ఒక్కరికే ఉద్యోగం. కార్డుండి కూడా ఉద్యోగం రాని ఇళ్లు ఇప్పటికీ వేలల్లో ఉన్నాయి. మావయ్య ఇంట్లో ఆ ఉద్యోగం ఆయన అన్నకి వచ్చింది. ఈయన తమ్ముడు కాబట్టి, సొంత భూమిలో లేచిన కర్మాగారంలో కాంట్రాక్టు కూలీ అయ్యారు.

చేసిన పని ఏమిటి? నాన్న ఇనుము పారించే రన్నర్లని ట్యాపింగుకీ ట్యాపింగుకీ మధ్య శుభ్రం చేయడం, గడ్డకట్టిన స్లాగ్ పగలగొట్టడం, మళ్లీ లైనింగ్ మట్టి కొట్టడం. నిప్పు పక్కనే. నాన్న ఒంటి మీద పడ్డ రవ్వలే ఆయన ఒంటి మీదా పడ్డాయి. ఏళ్లు గడిచినా పని మారలేదు, మనిషి మారలేదు, చోటు మారలేదు. కాంట్రాక్టరు మాత్రం మారుతూ వచ్చాడు. టెండరు మారినప్పుడల్లా మావయ్య సర్వీసు మళ్లీ సున్నా నుంచి. గ్రాట్యుటీ రావాలంటే ఒకే యజమాని దగ్గర ఐదేళ్ల నిరంతర సర్వీసు చూపించాల్సి ఉండేది. అది ఆయనకి ఎప్పుడూ దొరకలేదు. పనిలో ఉన్నన్నాళ్లు ఈఎస్ఐ వైద్యం ఉండేది, పని పోయాక అదీ పోయింది. ఇది ఒక్క విశాఖ సంగతి కాదు, దేశంలో ఏ ఉక్కు కర్మాగారానికి వెళ్లినా ఇలాంటి మనుషులే కనిపిస్తారు. కాంట్రాక్ట్ లేబర్ చట్టం 1970లో వచ్చింది. ఏడాది పొడవునా జరిగే పనుల్లో ఈ పద్ధతిని ప్రభుత్వం నిషేధించవచ్చని అందులో ఉండేది. కానీ నిషేధించినంత మాత్రాన ఆ కార్మికులు ఆటోమేటిగ్గా పర్మనెంట్ అయిపోరని 2001లో స్టీల్ అథారిటీ (సెయిల్) కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మావయ్యలాంటి వాళ్లకి ఉన్న ఆ ఒక్క ఆశా సన్నగిల్లింది.

మావయ్యకి ఇద్దరాడపిల్లలు. ప్రేమలో మా నాన్నకి ఏమాత్రం తీసిపోరు. మా ఇంటికొస్తే నా ప్రోగ్రెస్ కార్డు అడిగి చూసేవారు, నాన్న కన్నా శ్రద్ధగా. కానీ తన పిల్లల స్కూల్లో ఒక్క మీటింగుకీ ఆయన వెళ్లగా నేను చూడలేదు. ఎనిమిది గంటలు అయ్యాక ఇంకోచోట పని. సెలవంటే జీతం కోత. పెద్దమ్మాయి ఇంటర్ ఆపేసింది, ఫీజు కట్టలేక. ఆ ఏడాది నాన్న కొంత సాయం చేశారు, కానీ సాయం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇవాళ ఎవరైనా మావయ్యని సంసారం పట్టని మనిషి అంటే నేను ఒప్పుకోను. ఆయన సంసారం కోసమే ఇంటికి రాకుండా పనిచేశారు.

ఈ మాట అంటే మా అమ్మే నాతో వాదించింది. "అయితే మీ నాన్న గొప్పేటీ లేదా? అదే కాలనీలో అదే జీతంతో తాగేసొచ్చి పెళ్లాల్ని కొట్టినోళ్లు లేరేటి?" ఉన్నారు. మా బ్లాకులోనే ఉన్నారు, నాకు గుర్తుంది. ఉద్యోగం మనిషిని మంచివాణ్ణి చెయ్యదు. నేను అనేదీ అది కాదు. మంచి మనసున్న వాడికి ఆ మంచితనం చేతల్లో చూపించే వీలు కావాలి. నాన్నకి ఆ వీలుంది, నాన్న దాన్ని వాడుకున్నారు, అది ఆయన గొప్పే. మావయ్యకి వీలు లేదు. మన పొగడ్తలన్నీ వీలున్నవాళ్ల దగ్గరే ఆగిపోతే, లేనివాళ్లు పిల్లల్ని పట్టించుకోని వాళ్లుగా మిగిలిపోతారు. ఇది అన్యాయం. అమ్మ కాసేపు ఆలోచించి "అది నిజవే" అంది.

ఆ వీలు నాన్నకి ఎవరిచ్చారు అంటే జవాబు ఆయన పుట్టినప్పటికి కొంచెం తర్వాతే మొదలవుతుంది. 1966లో విశాఖలో ఉక్కు కర్మాగారం కావాలని అమృతరావు గారి నిరాహార దీక్ష, "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" నినాదం, ఊరూరా విద్యార్థులు, పోలీసు కాల్పులు. 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు అక్కడ రాయి తప్ప పెద్దగా ఏమీ లేదు. 1982లో ప్లాంటు నడిపే కంపెనీ, రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్, ఏర్పడింది. మొదటి ఇనుము పారేసరికి 1990. అంటే నాన్న నియామకపు ఉత్తర్వు వెనక ఇరవయ్యేళ్ల పోరాటం, పోయిన ఊళ్లు, పోయిన ప్రాణాలు ఉన్నాయి. నాన్నకి ఇది తెలుసు. ఆయన రాజకీయాలు మాట్లాడే మనిషి కాదు, యూనియన్ మీటింగుకి వెళ్తే వెనక వరసలో కూర్చునేవారు. కానీ "ఈ తిండి ఒక్కరిది కాదమ్మా" అని చాలాసార్లు అనేవారు.

2000 ప్రాంతంలో ప్లాంటు నష్టాల్లో పడి, ఖాయిలా పరిశ్రమల సంగతి చూసే బీఐఎఫ్ఆర్ దాకా వెళ్లినప్పుడు ఇంట్లో ఖర్చులన్నీ బిగించారు. నాకు ఇంజినీరింగు వద్దని డిగ్రీలో చేరమనే మాట కూడా వచ్చింది. తర్వాత కొన్నేళ్లకే ప్లాంటు లాభాల్లోకి వచ్చింది. సొంత ఇనుప గనులు లేకుండా, ఖనిజం కొనుక్కుని నడిపి లాభాలు తెచ్చారని నాన్న ఎంత గర్వంగా చెప్పేవారో. ప్రభుత్వ రంగం కార్మికులు కూర్చుని జీతం తీసుకుంటారని టీవీలో ఎవరైనా అంటే ఆయన గొంతు పెంచేవారు కాదు, లేచి వెళ్లిపోయేవారు. ఆ మాటకి నేను జవాబు చెప్తాను: కాస్ట్ హౌస్‌లో కూర్చోవడానికి చోటు లేదు.

2019లో రిటైరయ్యారు. చాలామంది అనుకున్నట్టు నెలనెలా పెద్ద పింఛను రాలేదు. ఉక్కు కార్మికుడికి ప్రభుత్వ గుమాస్తాకి ఉన్నలాంటి పింఛను లేదు, ఉన్నది పీఎఫ్ సంస్థ ఇచ్చే ఈపీఎస్-95 పింఛను. అసలు జీతం ఎంతున్నా, పింఛను లెక్కకి తీసుకునే జీతానికి పరిమితి ఉంది. 2014 సెప్టెంబరు నుంచి అది 15,000, అంతకుముందు 6,500. ఏ కాలానికి ఆ కాలపు పరిమితి లెక్కన, ఆ జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగిస్తారు. ముప్పయ్యేళ్లు నిప్పు పక్కన నిలబడ్డ మనిషి చేతికి వచ్చింది నెలకి నాలుగు వేల లోపు. పీఎఫ్, గ్రాట్యుటీ వచ్చాయి కాబట్టి కూర్మన్నపాలెం దగ్గర చిన్న ఇల్లు కట్టుకున్నాం. అదీ లేని మావయ్య సంగతి చెప్పనక్కర్లేదు.

2021 జనవరి 27న ప్లాంటులో వాటా మొత్తం అమ్మడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం మొదలైంది. అప్పటిదాకా ఏ ధర్నాలోనూ ముందు కూర్చోని నాన్న, అక్కడ ముందు వరసలో కూర్చున్నారు. "మీకేం నాన్నా, మీ సర్వీసు అయిపోయింది కదా" అని ఫోన్‌లో అడిగాను. "నా సర్వీసు అయింది. ఆ కుర్రాళ్లది?" అన్నారు. 2024లో ఒక దశలో మూడు ఫర్నేసుల్లో ఒక్కటే నడిచింది. అదే ఏడాది వేలమంది కాంట్రాక్టు కార్మికుల గేటు పాసులు ఆపేస్తే పెద్ద ఆందోళన జరిగి మళ్లీ తీసుకున్నారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఆ వార్త నాన్న విన్నారు. సంతోషించారు, కానీ వెంటనే అడిగింది, "పనిలో కాంట్రాక్టోళ్లని ఎంతమందిని ఉంచుతారట?" అని.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కానీ ఉక్కు గురించి జరిగే చర్చల్లో ఫర్నేసులు నడుస్తాయా, ఎన్ని టన్నులు తీస్తారు, లాభమా నష్టమా అనే మాటలతో సమానంగా ఇది కూడా అడగాలి: అక్కడ పనిచేసేవాడికి వచ్చే నెల పని ఉంటుందని తెలుస్తుందా? పిల్లాడికి జ్వరం వస్తే ఇంట్లో ఉండగలడా? ప్లాంటు ప్రభుత్వానిదే అయినా, లోపల మనుషులందరూ మావయ్యలా ఉంటే, నాన్న కోరుకున్నది అది కాదు.

మావయ్య ఇప్పుడు ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్. నాన్న పోయిన రోజు మొదట వచ్చింది ఆయనే. రాత్రి డ్యూటీ ఎవరికో అప్పజెప్పి వచ్చారు, ఆ రాత్రి జీతం పోయింది. కంట్లో శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ వాయిదా వేస్తున్నారు, వారం సెలవు పెడితే ఇంకొకణ్ణి పెట్టుకుంటారేమోనని. అమ్మ ఆ అపార్ట్‌మెంటు సెక్రటరీతో మాట్లాడింది. ఆ వారం ఆయన బదులు మా తమ్ముడు అక్కడ కూర్చుంటాడు. వచ్చే నెల మొదటి వారం ఆపరేషన్.